పాత రేజరుకు ఇప్పటి బ్లేడ్లు: జిలెట్ టెక్, స్లిమ్ రేజర్లలో వాడి చూసిన రకాలపై సమీక్ష

ఇంట్లో పెద్దలు వాడి పక్కన పెట్టిన పాత జిలెట్ రేజరు చేతికి వస్తే, దీనికి సరిపడే బ్లేడ్లు ఇప్పుడు దొరుకుతాయా అన్న సందేహమే ఎవరికైనా మొదట కలుగుతుంది. రెండు వైపులా అంచున్న బ్లేడు పట్టే రేజరయితే ఆ సందేహానికి చోటు లేదు. వీధి చివరి కిరాణా దుకాణంలో వేలాడే బ్లేడ్ల అట్ట నుంచి ఏ పొట్లం తీసుకున్నా అది అందులో కూర్చుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. కూర్చున్న ప్రతి బ్లేడూ ఆ రేజరులో హాయిగా గీయదు. ఒకే బ్లేడు ఒక రేజరులో చర్మానికి తెలియకుండా సాగిపోయి, మరొక రేజరులో మెడంతా మంట పుట్టించవచ్చు. అందువల్ల ఈ సమీక్షలో నేను ప్రధానంగా పరిశీలించింది, మన ఊళ్లలో సులువుగా దొరికే బ్లేడ్లలో ఏది ఏ రకం పాత రేజరుకు తగినదన్న విషయాన్ని. అసలు బ్లేడే దొరకని రేజర్ల సంగతి చివర్లో చెబుతాను.

ఎప్పటి రేజరులోనైనా ఇప్పటి బ్లేడు పట్టడానికి కారణం ఉంది. కింగ్ జిలెట్ స్థాపించిన అమెరికన్ సంస్థ 1903లో రేజర్ల అమ్మకం మొదలుపెట్టింది, 1904లో వాటికి పేటెంటు పొందింది. ఆనాటి బ్లేడుకు నడుమ మూడు గుండ్రని రంధ్రాలుండేవి. 1921లో ఆ పేటెంటు గడువు తీరడంతో పోటీదారులు పెరిగారు. 1930లో ఆటోస్ట్రాప్ అన్న మరో రేజర్ల సంస్థతో వివాదం వచ్చి, అది విలీనంతో ముగిసిన కాలంలోనే బ్లేడు రూపం మారి, మూడు రంధ్రాల స్థానంలో నడుమ పొడవునా సాగే చీలిక స్థిరపడింది. ఆ చీలికలో పాత రేజర్ల మూడు మేకులూ దూరతాయి, తర్వాతి రేజర్లలోని పొడవాటి కడ్డీ కూడా దూరుతుంది. సుమారు 43 మిల్లీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరులో పదోవంతు మందం అన్న ఈ కొలతలను ఇప్పటికీ అన్ని కంపెనీలూ పాటిస్తున్నాయి. తొలినాటి బ్లేడ్లు ఇంతకంటే మందంగా ఉండేవి కాబట్టి 1930కి ముందరి రేజరులో నేటి పలుచని బ్లేడు కాస్త ఎక్కువగా వంగుతుంది. పిడిని గట్టిగా బిగించి వాడితే దానివల్ల ఇబ్బందేమీ ఉండదు.

నేను బ్లేడ్లను పరీక్షించినవి రెండు రేజర్లలో. మొదటిది ఇంగ్లండులో తయారైన జిలెట్ టెక్. 1930ల చివర్లో వచ్చిన ఈ నమూనా కొన్ని దశాబ్దాలపాటు తయారైంది, మన దేశంలోని పాత ఇళ్లలోనూ అప్పుడప్పుడు కనబడుతుంది. పైమూత, అడుగుపలక, పిడి అన్న మూడు ముక్కలే తప్ప ఇందులో చెడిపోవడానికి మరేమీ లేదు. బ్లేడు అంచు చర్మం వైపు చాలా తక్కువగా తొంగిచూసేలా దీన్ని రూపొందించారు కాబట్టి ఇది మెతక రేజరు. రెండవది 1962లో అమెరికాలో తయారైన స్లిమ్ అడ్జస్టబుల్. పిడి చివరి మరను తిప్పితే దీని తల రెండు తలుపులుగా విచ్చుకుంటుంది. మెడ దగ్గరి పట్టీని 1 నుంచి 9 దాకా ఏ అంకెకు తిప్పితే దానికి తగ్గట్టు బ్లేడుకూ, దాని అంచు ముందు చర్మానికి ఆనే కాపుకడ్డీకీ నడుమ సందు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఆ కాలపు అమెరికన్ జిలెట్ రేజర్ల తల అడుగున చెక్కిన అక్షరం సంవత్సరాన్నీ, పక్కనున్న అంకె త్రైమాసికాన్నీ తెలుపుతాయి. హెచ్ అంటే 1962, ఐ అంటే 1963. పాత సామాను అమ్మేవారు చెప్పే వయసును నమ్మేకంటే ఆ అక్షరాన్ని చూసుకోవడం మేలు.

బ్లేడు మీద నింద వేసే ముందు రేజరును ఒకసారి పరీక్షించాలి. దశాబ్దాల సబ్బు, ఉప్పునీటి సున్నం పేరుకుపోయిన అడుగుపలక మీద బ్లేడు సమంగా కూర్చోదు. ఒక వైపు అంచు ఎక్కువగా, మరో వైపు తక్కువగా బయటికి వస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ జోలికి పోకూడదు. ఇత్తడి బిందెకు పనికొచ్చేది నికెల్ పూతకు పనికిరాదు. కాపుకడ్డీ ఎక్కడైనా వంగిందా, మూత కింద పడి నొక్కుకుపోయిందా అన్నది వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. వంగిన రేజరుకు ఎంత ఖరీదైన బ్లేడు వేసినా అది గాట్లే పెడుతుంది. స్లిమ్ వంటి తలుపుల రేజర్లలో బ్లేడు ఒక్కోసారి కొద్దిగా పక్కకు జరిగి కూర్చుంటుంది. మరను పూర్తిగా బిగించే ముందు బ్లేడు రెండు కొసలనూ వేళ్లతో నెమ్మదిగా సర్దాలి. అంకె మార్చేటప్పుడు మరను కొంచెం వదులు చేసి, మార్చాక మళ్లీ బిగించాలి. బిగించి ఉండగా బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు అరిగిపోతాయి, వాటికి విడిభాగాలు కొత్తగా తయారు కావడం లేదు.

టెక్ రేజరు పుట్టిన నాటికి వాడుకలో ఉన్నవి కార్బన్ ఉక్కు బ్లేడ్లు. అవి తడి తగిలితే తుప్పు పట్టేవి, త్వరగా మొద్దుబారేవి. 1960ల మొదట్లో విల్కిన్‌సన్ స్వోర్డ్ సంస్థ పూత వేసిన స్టెయిన్‌లెస్ ఉక్కు బ్లేడును బ్రిటన్‌లో విడుదల చేసి మార్కెట్టును కుదిపేసిన తర్వాత, 1963లో జిలెట్ కూడా అదే దారి పట్టింది. నేటి బ్లేడ్లలో దాదాపు అన్నీ స్టెయిన్‌లెస్ ఉక్కువే. అంచుమీద ప్లాటినం, క్రోమియం వంటి లోహాల పూత, దానిపైన జారుడు కోసం టెఫ్లాన్ జాతి పూత ఉంటాయి. నా అభిప్రాయంలో పాత టెక్ రేజరు తన కాలంలోకన్నా ఇప్పుడే బాగా గీస్తుంది, ఎందుకంటే దాని జ్యామితికి తగిన బ్లేడు అది తయారైన ఎన్నో ఏళ్లకు గానీ రాలేదు. అందుకే పాత వస్తువుల దుకాణాల్లో సీలు విప్పని పాత బ్లేడు పొట్లాలు కనబడితే, వాటిని అలమారులో పెట్టుకోవడానికి కొనండి, గడ్డానికి కాదు.

ఇక బ్లేడ్ల విషయం. మన దగ్గర బ్లేడు అనగానే నాలుక మీదికి వచ్చే పేరు సెవెన్ ఓ క్లాక్. 1984లో ఇండియన్ షేవింగ్ ప్రొడక్ట్స్ పేరుతో నమోదై, రాజస్థాన్‌లోని భివాడిలో కర్మాగారం పెట్టిన జిలెట్ భారతీయ సంస్థకు ఈ బ్లేడే పునాది వేసింది. నేను వాడింది నల్లపెట్టెలో వచ్చే సూపర్ ప్లాటినం రకం. టెక్ రేజరులో దీని పనితీరు నాకు అన్నింటికన్నా నచ్చింది. మెతక రేజరుకు పదునైన బ్లేడు కావాలన్నది ఈ వ్యవహారంలో మొదటి సూత్రం. అంచు కొద్దిగానే బయటికి ఉంటుంది కాబట్టి ఆ కొద్దిపాటి అంచూ వెంట్రుకను ఒక్క దెబ్బకు తెంచగలిగి ఉండాలి, లేకపోతే అదే చోట మళ్లీ మళ్లీ గీయవలసి వచ్చి చర్మం కందుతుంది. సూపర్ ప్లాటినం ఆ పని తడబాటు లేకుండా చేస్తుంది. మొదటి గడ్డానికి కాస్త గరుకుగా తోచినా, రెండవ గడ్డం నుంచి అంచు కుదురుకుంటుంది. స్లిమ్‌లో దీన్ని 4 లేదా 5 మీద పెట్టి వాడితే దవడ కింద కూడా ఇబ్బంది కలగలేదు. 7 దాటిస్తే మాత్రం బ్లేడు చప్పుడు వినబడేంత దూకుడుగా పోతుంది, దట్టమైన గడ్డం ఉన్నవారికి తప్ప అది అవసరం లేదు. దుకాణంలో ఏది అడగాలో తెలియనివారికి, పాత టెక్ కోసమైతే నేను సూచించేది ఇదే.

జిలెట్ పేరుతోనే మన దేశంలో దొరికే విల్కిన్‌సన్ స్వోర్డ్ బ్లేడు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఐరోపాలో ఇదే పేరుతో అమ్ముడయ్యే బ్లేడు వేరే యాజమాన్యానిది, వేరే దేశంలో తయారయ్యేది. అందువల్ల విదేశీయులు ఆ బ్లేడు గురించి చెప్పిన మెచ్చుకోళ్లు గానీ ఫిర్యాదులు గానీ మన పెట్టెకు వర్తించవు. సెవెన్ ఓ క్లాక్‌ది కూడా ఇదే పరిస్థితి. వేర్వేరు దేశాల్లో వేర్వేరు రంగుల పెట్టెల్లో వేర్వేరు రకాలు ఉన్నాయి. పెట్టె వెనుక తయారీస్థలం చదవకుండా పేరును బట్టి పోల్చడం వృథా. మన విల్కిన్‌సన్ స్వోర్డ్ నాకు మెత్తని బ్లేడుగా అనిపించింది, టెక్‌లో కన్నా స్లిమ్‌లో 6 మీద బాగా కుదిరింది. రోజూ గీసుకునేవారికి, అంటే ముందురోజు గడ్డం తప్ప మరేమీ లేనివారికి, ఇది టెక్‌లోనూ చక్కగా సరిపోతుంది.

కోల్‌కతాకు చెందిన టోపాజ్, ఠాణేలో పుట్టిన సూపర్‌మాక్స్ పేర్లు ఎనభైల నాటి కిరాణా దుకాణాలను ఎరిగినవారికి కొత్త కాదు. మన దేశపు బ్లేడ్ల పరిశ్రమలో మల్హోత్రా కుటుంబపు శాఖల పాత్ర చాలా పెద్దది. ఈ రెండు పేర్ల వెనుకా ఉన్నది ఆ కుటుంబమే. రెండూ మధ్యస్థమైన పదును గలవి, ధర తక్కువ. అంకెలు మార్చుకునే స్లిమ్ వంటి రేజరు ఉన్నవారు సందును కాస్త పెంచుకుని వీటితో నిశ్చింతగా గడపవచ్చు. టెక్‌లో మాత్రం మెత్తని గడ్డం ఉన్నవారికే వీటిని సూచిస్తాను.

జపానులోని గిఫు రాష్ట్రంలో, శతాబ్దాలుగా కత్తుల తయారీకి పేరుబడ్డ సెకి పట్టణంలో తయారయ్యే ఫెదర్ బ్లేడును గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాత రేజరు కొన్నవారంతా ఏదో ఒకనాడు దీని మోజులో పడతారు. పదునులో దీనికి సాటి వచ్చేది నేను వాడినవాటిలో మరొకటి లేదు. అయితే పదును ఎక్కువైతే పని సులువవుతుందన్నది సగం నిజమే. టెక్‌లో ఫెదర్ అద్భుతం. మెతక రేజరు దాని కోపాన్ని అదుపులో పెడుతుంది, ఒకే వరుసలో నున్నగా వస్తుంది. స్లిమ్‌లో 2, 3 మీద కూడా బాగుంది. కానీ అదే స్లిమ్‌ను 5 దాటించి, పాత అలవాటుతో చేతిని కాస్త నొక్కి గీశారంటే నెత్తుటి చుక్క కనబడేదాకా తెగిన సంగతి తెలియదు. కొత్తగా నేర్చుకునేవారు దీనితో మొదలుపెట్టకూడదు. ధర కూడా ఆలోచించవలసిందే: మన బ్లేడు ఒక్కటి కొద్ది రూపాయలకు వస్తుంటే దిగుమతి అయ్యే ఈ బ్లేడుకు దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. నాకు ఆ తేడాకు తగినంత సుఖం కనబడలేదు. పచ్చపెట్టెలో వచ్చే ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినం ఈ రెండింటికీ నడిమధ్య ఉంటుంది. ఆన్‌లైన్‌లో నూరు బ్లేడ్ల పెట్టెగా కొంటే ధర దిగుతుంది, రెండు రేజర్లలోనూ ఎక్కడా పేచీ పెట్టలేదు. ఒకే బ్లేడు కొని అన్ని రేజర్లకూ వాడదలచినవారు దీన్ని తీసుకోవచ్చు.

కొనుగోలు ఎక్కడ చేయాలన్నది తర్వాతి ప్రశ్న. అమెరికాలో, ఐరోపాలో ఇలాంటి బ్లేడ్లకు ప్రత్యేక దుకాణాలను వెతకవలసి వస్తుంది. మనకు ఆ బాధ లేకపోవడానికి కారణం సెలూన్లు. మన క్షురకులు వాడే మడత కత్తిలో పట్టేది ఈ బ్లేడులో సగమే. కాగితం విప్పకుండానే బ్లేడును నిలువునా మధ్యకు విరిచి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కొత్త సగాన్ని వేయడం ఎయిడ్స్ గురించిన ప్రచారం తర్వాత దాదాపు ప్రతి షాపులోనూ నియమమైంది. బ్లేడున్న తలనే మొత్తంగా మార్చే కార్ట్రిడ్జ్ రేజర్లు ఇళ్లలోకి ఎంత వచ్చినా, ఆ వృత్తి ఉన్నంతకాలం ఈ బ్లేడుకు గిరాకీ తగ్గదు. అందుకే హైదరాబాదు బేగంబజార్‌లో సెలూన్ సామాను అమ్మే టోకు దుకాణాలకు గానీ, ఏ జిల్లా కేంద్రంలోనైనా అలాంటి షాపుకు గానీ వెళితే సెలూన్ ప్యాక్ పేరుతో పెద్ద పెట్టెలు దొరుకుతాయి, విడి పొట్లాలకన్నా చవకగా. అక్కడ ఒక్కటి గమనించండి: ముందే సగానికి కోసి అమ్మే బ్లేడ్ల పెట్టెలు కూడా అవే అరల్లో ఉంటాయి. చూడటానికి పెట్టె ఒకేలా ఉన్నా అవి మన రేజరులో నిలవవు.

నకిలీల బెడద లేకపోలేదు. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత నుంచి నాకు వచ్చిన విదేశీ బ్లేడ్ల పెట్టెలో అచ్చు మసకగా ఉంది, పొట్లాల మడతలు ఒక్కొక్కటీ ఒక్కోలా ఉన్నాయి, బ్లేడు మీద ముద్ర చేత్తో రుద్దితే పోయింది. మన దేశంలో అమ్మే ప్యాకేజీ మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం ఉండాలన్నది చట్టం; దిగుమతి సరుకయితే దిగుమతిదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. ఆ చీటీ లేని విదేశీ బ్లేడును నేను ఇక కొనను. అలాగని కాగితంలో బ్లేడుకు అంటుకుని ఉన్న మైనపు చుక్కలను చూసి నకిలీ అనుకోనక్కరలేదు. బ్లేడు కదలకుండా కొన్ని కంపెనీలు అలా అతికిస్తాయి. ఆ మైనం అంచు దగ్గరికి పాకకుండా వేడినీళ్లలో ఒకసారి ముంచి వాడితే చాలు.

రెండంచుల బ్లేడు పట్టని పాత రేజర్ల విషయంలో మాత్రం మన అదృష్టం ఇక్కడితో ఆగుతుంది. అమెరికాలో పనిచేసి వచ్చినవారి పెట్టెల్లో కనబడే షిక్ ఇంజెక్టర్ రేజరుకు సన్నని ఒంటి అంచు బ్లేడు కావాలి. లోహపు డబ్బీ నాలుకను రేజరు తలలోకి దూర్చి మీట తోస్తే కొత్త బ్లేడు లోపలికి వెళ్లి పాతది బయటికి వస్తుంది. ఆ బ్లేడ్లు అమెరికాలో ఇంకా దొరుకుతున్నాయి. ఖాళీ అయిన మొదటి డబ్బీని పారేయకూడదు, విడిగా వచ్చే బ్లేడ్లను దానిలో నింపుకుని ఎక్కించవచ్చు. జెమ్ రకం రేజర్లకు వీపున లోహపు పట్టీ ఉన్న మందపాటి ఒంటి అంచు బ్లేడు కావాలి. రంగు గీకడానికి హార్డ్‌వేర్ షాపులో అమ్మే బ్లేడు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, రేజరులో పట్టవచ్చు కూడా. కానీ అది గడ్డానికి తయారైనది కాదు, అంచుకు పూత ఉండదు, ముఖం గీరుకుపోతుంది. షేవింగ్ కోసం పూత వేసిన జెమ్ బ్లేడును ప్రత్యేకంగా అడిగి తెప్పించుకోవాలి. వాలెట్ ఆటోస్ట్రాప్ రేజరుకు సరిపడే బ్లేడును జపానులో ఫెదర్ సంస్థే తయారుచేస్తోంది. ఇంగ్లండు వారి రోల్స్ రేజరుకు బ్లేడు వెతకవలసిన పనే లేదు. దాని పెట్టె ఒక మూతలో సానరాయి, మరో మూతలో తోలుపట్టీ ఉంటాయి, ఉన్న బ్లేడునే నూరుకోవాలి. రాయి పగిలి ఉంటే ఆ పెట్టె కొనకండి.

వయసులో చిన్నదైన జిలెట్ ఆట్రా పిడి, అంటే 1977లో వచ్చినది, ఎవరి దగ్గరైనా ఉంటే వారికి ఒక శుభవార్త. మన మందుల షాపుల్లో దొరికే వెక్టర్ కార్ట్రిడ్జ్ దానికి పడుతుంది. విదేశాల్లో ఆ పిడి ఉన్నవారు ఇండియా వచ్చినప్పుడు వీటిని కొనుక్కుని వెళ్లడం నాకు తెలుసు. అలా ఇటునుంచి అటు గానీ, ఇంజెక్టర్ బ్లేడ్లను అటునుంచి ఇటు గానీ తెప్పించుకునేవారు విడి బ్లేడ్లను చేతిసంచిలో పెట్టించకూడదు, భద్రతా తనిఖీలో తీసేస్తారు. చెకిన్ సామానులో పెడితే అభ్యంతరం ఉండదు.

బ్లేడు ఎన్ని గడ్డాలకు వస్తుందన్నది గడ్డాన్ని బట్టి, నీటిని బట్టి మారుతుంది. బోరునీరు కఠినంగా ఉండే ఊళ్లలో సబ్బు నురగ సరిగా రాదు, అంచు మీద ఉప్పు మిగులుతుంది, బ్లేడు త్వరగా మొద్దుబారినట్టు అనిపిస్తుంది. గీసుకున్నాక రేజరును విప్పి కడిగి, నీళ్లు దులిపి ఆరబెట్టాలి తప్ప బ్లేడు అంచును తువ్వాలుతో తుడవకూడదు. పూత పోతుంది, వేలూ తెగుతుంది. నేను సాధారణంగా సెవెన్ ఓ క్లాక్‌ను నాలుగైదు గడ్డాల తర్వాత మారుస్తాను, వెంట్రుక లాగుతున్నట్టు తోస్తే అంతకుముందే. వాడిన బ్లేడును చెత్తబుట్టలో విడిగా వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులు తెగుతాయి. నాణేలు దాచుకునే చీలిక ఉన్న రేకు డబ్బా ఒకటి పెట్టుకుని, నిండాక చీలికను గట్టిగా మూసి, లోపల బ్లేడ్లున్నాయని పైన రాసి, చెత్త బండివారికి విడిగా చెప్పి అందించాలి.